అవ్వా కావాలి, బువ్వా కావాలి: మడతపెట్టే టచ్ ల్యాప్‌టాప్ కథ

 

జూన్, జూలై వచ్చాయంటే మన ఊళ్ళలో ల్యాప్‌టాప్‌ల సీజన్ మొదలైనట్టే. ఇంటర్ అయిపోయి ఇంజినీరింగ్‌లోనో డిగ్రీలోనో చేరేవాళ్ళు ముందు, డబ్బు కట్టే నాన్నగారు వెనక. షోరూమ్‌లో అడుగుపెట్టగానే అందరి కళ్ళూ ఒకదాని మీదకే పోతాయి. సేల్స్‌మన్ దాన్ని తెరుస్తాడు. స్క్రీన్‌ని వెనక్కి వంచుతాడు. ఇంకా వంచుతాడు. విరిగిపోతుందేమో అని మనం భయపడేలోపు పూర్తిగా తిప్పేసి, పలకలా చేతిలో పెడతాడు. "ల్యాప్‌టాపూ ఇదే, ట్యాబూ ఇదే సార్" అంటాడు. ధర మాత్రం అదే ప్రాసెసర్, అదే ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ కన్నా ఎక్కువే ఉంటుంది.

దీన్నే కన్వర్టిబుల్ అంటారు, 2-ఇన్-1 అంటారు. మన భాషలో చెప్పాలంటే అవ్వా కావాలి, బువ్వా కావాలి అనే రకం. అవి రెండూ దొరకవని మన పెద్దవాళ్ళు సామెత కట్టి మరీ చెప్పారు. కానీ కంప్యూటర్ కంపెనీలు ఆ మాట వినలేదు. యాభై ఏళ్ళకు పైగా ఆ రెండింటి వెనకే పరిగెత్తాయి. కోట్ల డాలర్లు పోశాయి, చేతులు కాల్చుకున్నాయి, మళ్ళీ మొదలుపెట్టాయి.

ఈరోజు ఆ కథ చెప్పుకుందాం. ఎందుకంటే ఈ మెషీన్‌లో మీకు నచ్చే ప్రతి గుణానికీ, మిమ్మల్ని విసిగించే ప్రతి లోపానికీ ఒక పుట్టిన తేదీ ఉంది. ఏది ఎప్పుడు, ఎందుకు వచ్చిందో తెలిస్తే, ఇంట్లోవాళ్ళ డబ్బు దాని మీద పెట్టాలో వద్దో మీకే అర్థమవుతుంది.

పిల్లల కోసం ఒక పలక

1968 కి వెళ్దాం. అప్పట్లో కంప్యూటర్ అంటే గదంత ఉండేది. ఆ రోజుల్లో అలన్ కే అనే అమెరికన్ కుర్రాడు ఒక వింత కల కన్నాడు. పిల్లలు సంకలో పెట్టుకుని తిరిగే కంప్యూటర్. దానికి డైనాబుక్ అని పేరు పెట్టాడు. 1972 లో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రం పార్క్‌లో పనిచేస్తూ దాని గురించి ఒక పత్రం రాశాడు. అన్ని వయసుల పిల్లలకూ ఒక సొంత కంప్యూటర్ అన్నది దాని సారాంశం. నోట్‌బుక్ అంత సైజు ఉండాలి, బరువు 2 కిలోలు దాటకూడదు, ధర 500 డాలర్ల దగ్గర ఉండాలి అని లెక్కలు కూడా వేశాడు. అందులో ఒక బొమ్మ ఉంటుంది: ఇద్దరు పిల్లలు గడ్డిలో కూర్చుని, చేతుల్లో చెరో పలక పట్టుకుని ఆడుకుంటుంటారు. పలకలో పైన తెర, కింద కీబోర్డు.

డైనాబుక్‌ని ఎవ్వరూ తయారు చేయలేదు. చేయగలిగే టెక్నాలజీ లేదు మరి. అట్టముక్కతో చేసిన నమూనా మాత్రం ఉండేది. కానీ ఒక విషయం గమనించండి. అలన్ కే కలలో ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్ అని రెండు వస్తువులు లేవు. ఒకటే ఉంది. చదవడం, రాయడం, గీయడం, ప్రోగ్రామ్ చేయడం, అన్నీ దాంట్లోనే. ఆ కల రెండు ముక్కలైంది ఆ తర్వాత.

మొదటి ముక్క ల్యాప్‌టాప్. 1982 లో గ్రిడ్ అనే కంపెనీ కంపాస్ అనే మెషీన్ తెచ్చింది. బిల్ మాగ్రిడ్జ్ అనే డిజైనర్ దానికి ఒక కొత్త రూపం ఇచ్చాడు: స్క్రీన్ మూతలా మడిచి కీబోర్డు మీదకు వచ్చేస్తుంది. ఈరోజు మన చేతిలో ఉన్న ప్రతి ల్యాప్‌టాప్ రూపానికీ మూలం అదే. ధర 8,000 డాలర్లు దాటింది. అంతరిక్షంలోకి వెళ్ళే నాసా షటిల్స్‌లో కూడా దాన్ని వాడారు.

రెండో ముక్క కూడా అదే కంపెనీ నుంచి వచ్చింది. అక్కడే అసలు కథ మొదలవుతుంది.

పెన్ను పట్టిన కంప్యూటర్

1989 లో గ్రిడ్‌లోనే జెఫ్ హాకిన్స్ అనే ఇంజినీర్ గ్రిడ్‌ప్యాడ్ తయారు చేశాడు. కీబోర్డు లేదు. తెర మీద పెన్నుతో రాయాలి. ఆ పెన్ను కూడా వైరుతో మెషీన్‌కి కట్టేసి ఉంటుంది, బ్యాంకులో కౌంటర్ దగ్గర పెన్నుకి దారం కట్టినట్టు. బరువు దాదాపు 2 కిలోలు, ధర 2,000 డాలర్ల పైనే. అక్షరాలు కలిపి రాస్తే దానికి అర్థం కాదు, విడివిడిగా రాయాలి.

మరి ఎవరు కొన్నారు? నిలబడి ఫారాలు నింపేవాళ్ళు. గోడౌన్లలో సరుకు లెక్కపెట్టేవాళ్ళు, ఊరూరా తిరిగి వివరాలు రాసుకునేవాళ్ళు, సైన్యం. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం. ఈ జాతి మెషీన్ మొట్టమొదట అమ్ముడైంది సినిమాలు చూడటానికి కాదు, చేత్తో రాయడానికి.

గ్రిడ్‌ప్యాడ్ చూసి అందరికీ ఆశ పుట్టింది. టైపింగ్ రానివాళ్ళు ప్రపంచంలో కోట్లమంది ఉన్నారు కదా, పెన్ను ఇస్తే వాళ్ళందరూ కంప్యూటర్ కొంటారు అనుకున్నారు. గో అనే కంపెనీ పెన్పాయింట్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 1992 లో మైక్రోసాఫ్ట్ పెన్ను కోసం ప్రత్యేకంగా విండోస్‌కి ఒక అదనపు భాగం తెచ్చింది. 1993 లో ఆపిల్ న్యూటన్ వచ్చింది.

ఏమైంది? చేతిరాత అర్థం చేసుకోవడం దగ్గర బోర్లాపడ్డారు. న్యూటన్ మనం రాసింది ఒకటైతే అది చదివింది ఇంకొకటి. పేపర్లలో కార్టూన్లు వేశారు, టీవీ షోల్లో జోకులు వేశారు. తర్వాత వచ్చిన కొత్త న్యూటన్లు బాగానే చదివేవి. కానీ పరువు పోయాక ఎవరు చూస్తారు? 1998 లో స్టీవ్ జాబ్స్ దాన్ని ఆపేశాడు. జెఫ్ హాకిన్స్ మాత్రం తెలివిగా ఆలోచించాడు. మెషీన్ మన రాత నేర్చుకోలేకపోతే మనమే దాని రాత నేర్చుకుందాం అని, సులువైన గీతలతో గ్రాఫిటీ అనే ఒక అక్షరమాల పెట్టి, 1996 లో పామ్ పైలట్ అమ్మాడు. బాగా నడిచింది.

ఈ గందరగోళం మధ్యలో కన్వర్టిబుల్ పుట్టింది. 1990ల మొదట్లో గ్రిడ్ కంపెనీయే ఒక మెషీన్ తెచ్చింది. పేరే కన్వర్టిబుల్. తెరను లేపి కీబోర్డు మీద పడుకోబెడితే పలక అయిపోతుంది. 1993 లో కాంపాక్ కాన్సర్టో వచ్చింది, దీంట్లో కీబోర్డు ఊడి బయటకు వస్తుంది. అంటే తిప్పే రకం, విడదీసే రకం, రెండూ ముప్పై ఏళ్ళ కిందటే ఉన్నాయన్నమాట.

అసలు కన్వర్టిబుల్ ఎందుకు పుట్టిందో ఇక్కడ అర్థం చేసుకోవాలి. పెన్ను మీద పూర్తి నమ్మకం లేక పుట్టింది. రాత పనిచేయకపోతే కింద కీబోర్డు ఉందిగా అనే ధీమా కోసం. దాని పుట్టుకలోనే అనుమానం ఉంది.

బిల్ గేట్స్ జోస్యం

2001 నవంబర్. లాస్ వేగస్‌లో కామ్‌డెక్స్ అనే పెద్ద కంప్యూటర్ ప్రదర్శన. వేదిక మీద బిల్ గేట్స్ ట్యాబ్లెట్ పీసీ చూపించాడు. అయిదేళ్ళలో అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యే కంప్యూటర్ రూపం ఇదే అవుతుందని చెప్పాడు. 2002 నవంబర్ 7 న విండోస్ ఎక్స్‌పీ ట్యాబ్లెట్ పీసీ ఎడిషన్ విడుదలైంది. ఏసర్, తోషిబా, హెచ్‌పీ, అందరూ మెషీన్లు తెచ్చారు. ఏసర్, తోషిబాలవి ఎక్కువగా మధ్యలో ఒకే ఒక్క ఇరుసు మీద స్క్రీన్ గిర్రున తిరిగే రకం. ఇప్పుడు పాత వీడియోల్లో చూస్తే స్క్రీన్ తల తిప్పినట్టు ఉంటుంది.

పెన్ను ఈసారి అద్భుతంగా పనిచేసింది. చాలా మెషీన్లలో వాకమ్ అనే జపాన్ కంపెనీ టెక్నాలజీ వాడారు. తెర వెనక సన్నని తీగల వల ఉంటుంది. అది అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. పెన్నులో ఒక చిన్న తీగచుట్ట ఉంటుంది, ఆ క్షేత్రం నుంచే దానికి కరెంటు అందుతుంది. అందుకే పెన్నుకి బ్యాటరీ అక్కర్లేదు. ఎంత గట్టిగా నొక్కుతున్నామో కూడా కనిపెడుతుంది. అరచేయి తెర మీద ఆనినా ఫర్వాలేదు, ఎందుకంటే ఆ తెరకు పెన్ను తప్ప వేలు అంటే ఏమిటో తెలియదు. అవును, వేలితో తాకితే ఏమీ జరగదు!

మరి జోస్యం ఎందుకు తప్పింది? మూడు కారణాలు.

ఒకటి, ధర. చాలావరకు 2,000 డాలర్లకు అటూఇటూ. రెండు, లోపలి ప్రాసెసర్లు. వేడెక్కకుండా, బ్యాటరీ తినకుండా ఉండాలంటే నెమ్మదిగా ఉండేవి పెట్టాలి. హెచ్‌పీ టీసీ1000 లో అలాంటి ప్రాసెసరే పెట్టారు. రూపం అందరికీ నచ్చింది, నత్తనడక ఎవరికీ నచ్చలేదు. తర్వాతి మోడల్లో ప్రాసెసరే మార్చాల్సి వచ్చింది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, సాఫ్ట్‌వేర్. మైక్రోసాఫ్ట్ లోపల ఈ ప్రాజెక్టు నడిపినవాళ్ళలో డిక్ బ్రాస్ ఒకడు. 2010 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాసి అప్పటి సంగతులు బయటపెట్టాడు. వర్డ్, ఎక్సెల్ ఉండే ఆఫీస్ విభాగం పెద్దకి పెన్ను అంటే ఇష్టం లేదట. ఆఫీస్‌ని పెన్నుకి తగ్గట్టు మార్చడానికి ఒప్పుకోలేదట. ఫలితం ఏమిటంటే ఎక్సెల్ గడిలో ఒక అంకె వేయాలన్నా నేరుగా గడిలో రాయడానికి కుదరదు. పక్కన వచ్చే వేరే పెట్టెలో రాస్తే అది అక్కడికి చేరుతుంది. ఒకే కంపెనీ, ఒకే ఇల్లు, కానీ అన్నదమ్ములకు మాటల్లేవు.

ఇంకో మాట మన గురించి. ఆ 2002 విండోస్ చేతిరాతను చదవగలిగిన భాషలు కొన్నే. అందులో మన దేశపు భాష ఒక్కటీ లేదు. నిజానికి చేతిరాత అవసరం మనకే ఎక్కువ. "స్త్రీ" అని కాగితం మీద రాయడానికి క్షణం చాలు. కీబోర్డు మీద స, త, ర, వాటి మధ్య పొల్లులు, చివర దీర్ఘం, ఏ మీట ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుకేగా మనలో చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతూ పెరిగాం! ఈరోజు ఫోన్‌లో జీబోర్డ్ తెరిచి, తెలుగు చేతిరాత ఎంచుకుని వేలితో గీస్తే గుర్తుపడుతుంది. కానీ ఆ సౌకర్యం మన చేతికి ఫోన్ ద్వారా వచ్చింది, ల్యాప్‌టాప్ ద్వారా కాదు.

వేలు గెలిచింది

ఇప్పుడు వేలి కథ. టచ్‌స్క్రీన్ ఐఫోన్‌తో పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. 1965 లోనే ఇంగ్లండ్‌లో ఇ.ఎ. జాన్సన్ అనే ఇంజినీర్ వేలితో తాకే తెర గురించి రాశాడు. విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ల కోసం అది. 1972 లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళ ప్లేటో అనే బోధన కంప్యూటర్లో విద్యార్థులు తెర తాకి జవాబులు చెప్పేవాళ్ళు. 1983 లో హెచ్‌పీ-150 అనే టచ్ కంప్యూటర్ మార్కెట్లోకి వచ్చింది.

దాంతోపాటే ఒక జబ్బు బయటపడింది. నిటారుగా ఉన్న తెరను తాకాలంటే చేయి గాల్లో ఎత్తి ఉంచాలి. పది నిమిషాలు చేయండి చూద్దాం, భుజం పీకేస్తుంది. దీనికి ఇంజినీర్లు గొరిల్లా చేయి అని పేరు పెట్టారు. ఈ మాట మీరు మర్చిపోకూడదు, మీ టచ్ ల్యాప్‌టాప్‌కి వర్తించే మాట ఇది.

స్టీవ్ జాబ్స్ కథలోకి వద్దాం. ఆయన జీవిత చరిత్ర రాసిన వాల్టర్ ఐజాక్సన్ ఒక సంఘటన చెబుతాడు. ఒక విందులో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ ఒకాయన మా ట్యాబ్లెట్ ప్రపంచాన్ని మార్చేస్తుంది, మా పెన్ను ఇలాంటిది అని అదేపనిగా గొప్పలు చెప్పాడట. జాబ్స్‌కి ఒళ్ళు మండింది. మర్నాడు ఆఫీసుకెళ్ళి, పెన్ను లేని, కీబోర్డు లేని ట్యాబ్లెట్ కావాలి అన్నాడు. దేవుడిచ్చిన పది వేళ్ళుండగా పెన్నెందుకు అన్నది ఆయన వాదన. ఆ పని జరుగుతుండగా, ఇదే టెక్నాలజీతో ముందు ఫోన్ చేద్దాం అనుకున్నారు. 2007 లో ఐఫోన్ వచ్చింది. 2010 లో 499 డాలర్లకు ఐప్యాడ్ వచ్చింది.

అంటే మీరు ఇప్పుడు ఈ ఎపిసోడ్ చదువుతున్న ఫోన్‌కీ, ఆ ఓడిపోయిన కన్వర్టిబుల్‌కీ చుట్టరికం ఉంది. ఒకదాని మీద కోపంతో ఇంకోటి పుట్టింది.

ఐప్యాడ్ ఎందుకు గెలిచిందో చూడండి. బరువు దాదాపు 700 గ్రాములు, ఫ్యాన్ లేదు, బ్యాటరీ రోజంతా వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా దాని సాఫ్ట్‌వేర్ మొదటినుంచీ వేలికోసమే రాశారు. మౌస్ బాణం మొన ఒక్క చుక్కంత. వేలు సెంటీమీటరు వెడల్పు. మౌస్ కోసం గీసిన బటన్ వేలి కింద కనపడకుండా పోతుంది. ఈ తేడాను ఆపిల్ మొదటి రోజే ఒప్పుకుంది. అదే ఏడాది అక్టోబర్‌లో, మరి మ్యాక్ ల్యాప్‌టాప్‌కి టచ్ ఎందుకు పెట్టరు అన్నదానికి కూడా జాబ్స్ జవాబు చెప్పాడు: పరీక్షించి చూశాం, నిటారు తెర మీద టచ్ చేయి నొప్పి పుట్టిస్తుంది అని. అదే గొరిల్లా చేయి.

ఎటుపడితే అటు తిరిగే 2012

ఐప్యాడ్ దెబ్బకు పీసీ కంపెనీలు హడలిపోయాయి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, లెనోవో, డెల్, అందరూ ఒకే ఏడాది ఒకే మందు పట్టుకున్నారు: ల్యాప్‌టాప్‌కి టచ్ పెట్టేద్దాం.

2012 అక్టోబర్ 26 న విండోస్ 8 వచ్చింది. తెర నిండా రంగురంగుల పలకలు, స్టార్ట్ బటన్ మాయం. పదేళ్ళ కిందట పెన్ను కోసం ఒక్క అంగుళం కూడా జరగని కంపెనీ, ఇప్పుడు వేలి కోసం మౌస్ వాడే కోట్లమందిని ఇంట్లోంచి బయటకు గెంటినంత పని చేసింది. ఆఫీసుల్లో, ఇళ్ళలో కంప్యూటర్ ఎలా ఆపాలో తెలియక తంటాలు పడ్డారు. 2013 లో 8.1 తో బటన్ తిరిగొచ్చింది, 2015 లో విండోస్ 10 తో స్టార్ట్ మెనూ పూర్తిగా తిరిగొచ్చింది.

హార్డ్‌వేర్ వైపు మాత్రం పండగే. డెల్ చట్రం మధ్యలో తెర గిర్రున తిప్పింది. సోనీ జారుడుబల్లలా పైకి జరిపింది. ఆసుస్ మూతకు రెండు వైపులా రెండు తెరలు పెట్టింది. ఏసర్ ఈజెల్ స్టాండులా వంచింది. వీటన్నిటిలో నిలబడింది అన్నిటికన్నా మామూలుగా ఉన్నది: లెనోవో యోగా. మడతబందుని రెండుగా చేసి 360 డిగ్రీలు తిరిగేలా పెట్టారు, అంతే. విడిపోయే భాగాలు లేవు, వింత రూపం లేదు. మూసి పక్కన పెడితే మామూలు ల్యాప్‌టాపే. రెండేళ్ళ తర్వాత యోగా 3 ప్రోలో గడియారం గొలుసులాంటి మడతబందు పెట్టారు, అందులో 800 కు పైగా లోహపు ముక్కలు. అంత పని ఒక్క మడత కోసం.

ఇవి ఎంత వచ్చినా 2013 లో ప్రపంచవ్యాప్తంగా పీసీల అమ్మకాలు సుమారు 10 శాతం పడిపోయాయి. మైక్రోసాఫ్ట్ తన సొంత ట్యాబ్లెట్ సర్ఫేస్ ఆర్‌టీ విషయంలో 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది.

ఈ దశలో, 2014 ఫిబ్రవరిలో, మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చిలో, వేలితో వాడుకునేలా తీర్చిదిద్దిన ఆఫీస్ విడుదలైంది. ఎక్కడనుకున్నారు? ఐప్యాడ్ మీద! విండోస్‌కి అలాంటి ఆఫీస్ ఆ తర్వాతే వచ్చింది. పదేళ్ళ కిందట సొంత ట్యాబ్లెట్‌కి ఇవ్వని వరం, పోటీదారుడి ట్యాబ్లెట్‌కి ఇచ్చారు. ఆ పని ఆయన రాకముందే మొదలైంది, కానీ జనం ముందు పెట్టింది ఆయనే. మేలో సర్ఫేస్ ప్రో 3 ని ప్రకటించారు. పెన్ను మళ్ళీ ముందుకొచ్చింది. ఇంకో చిన్న మార్పు, కానీ గొప్ప మార్పు, తెర నిష్పత్తి. అప్పటిదాకా చాలావాటికి సినిమా తెరలా 16:9. నిలువుగా తిప్పితే గుమ్మంలా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. దీనికి 3:2 పెట్టారు. నిలువుగా పట్టుకుంటే కాగితంలా ఉంటుంది.

మరి ఆపిల్? 2012 లో టిమ్ కుక్ ఈ రెండూ కలిపే మెషీన్లను ఎగతాళి చేశాడు, టోస్టర్‌నీ ఫ్రిజ్‌నీ కలిపినట్టుంది అన్నాడు. 2015 లో అదే ఆపిల్ ఐప్యాడ్ ప్రో తెచ్చింది, కీబోర్డు కవరుతో, పెన్సిల్ పేరుతో పెన్నుతో. 2020 లో ట్రాక్‌ప్యాడ్ ఉన్న కీబోర్డు కూడా ఇచ్చింది. కొండకి ఆ వైపునుంచి ఎక్కినవాళ్ళూ, ఈ వైపునుంచి ఎక్కినవాళ్ళూ దాదాపు ఒకే చోట కలిశారు.

ఇక ఇంట్లో దాన్ని వాడితే

చరిత్ర అయింది. ఇప్పుడు సంసారం సంగతి. నా దగ్గర ఒక 360 డిగ్రీల కన్వర్టిబుల్ ఉంది, నాలుగేళ్ళుగా వాడుతున్నాను. కంపెనీ పేరు అనవసరం. మంచి ముందు చెప్తాను.

పెన్నుతో రాయడం దీని ప్రాణం. పీడీఎఫ్ తెరిచి మార్జిన్‌లో రాసుకోవచ్చు. ఇంటెగ్రల్ గుర్తు, బెంజీన్ రింగు, సర్క్యూట్ బొమ్మ, ఇవి టైప్ చేయాలంటే యాతన, గీయాలంటే క్షణం. 2020 లాక్‌డౌన్‌లో పాఠాలు చెప్పిన టీచర్లను అడగండి. నల్లబల్ల దొరకని చోట పెన్ను తెరే నల్లబల్ల అయింది. రెండో మంచి, టెంట్ మోడ్. గుడారంలా నిలబెడితే రైలు బెర్తు మీద, వంటగది గట్టు మీద చిన్న చోటులో నిలబడుతుంది. మూడోది, స్క్రోల్ చేయడం, జూమ్ చేయడం, సంతకం పెట్టడం, ఇవి వేలికే హాయి.

ఇప్పుడు లోపాలు. ఒక్కో లోపాన్నీ మనం ఇందాక చెప్పుకున్న కథతో కలిపి చూడండి.

బరువు. నాది ఒకటిన్నర కిలో దాటుతుంది. ల్యాప్‌టాప్‌గా తేలికే. ట్యాబ్‌గా ఒక చేత్తో పట్టుకుని పడుకుని చదివితే మణికట్టు మొరాయిస్తుంది. అలన్ కే 1972 లో 2 కిలోలు చాలనుకున్నాడు, కానీ 700 గ్రాములు చూసిన చేతులకు అది చాలదు.

కీబోర్డు. తిప్పి పట్టుకుంటే మీటలు వెనకవైపు వేళ్ళకు తగులుతాయి. పని చేయవు, సెన్సర్ ఆపేస్తుంది, కానీ చేతికి ఆ గరుకు తెలుస్తూనే ఉంటుంది. లెనోవో 2013 లో థింక్‌ప్యాడ్ యోగాలో తిప్పగానే చట్రం పైకి లేచి మీటలతో సమానమై, మీటలు బిగుసుకునేలా చేసింది. అంటే ఈ ఇబ్బంది కంపెనీలకూ తెలుసు.

మడతబందు. కొత్తలో బిగుతుగా ఉంటుంది. రోజూ తిప్పే వస్తువు ఏదైనా ఏదో ఒకరోజు వదులవుతుంది. మూడో ఏడు నుంచీ నా దానిలో వేలితో తెర తాకితే తెర ఊగడం మొదలైంది. టచ్ ల్యాప్‌టాప్‌లో అది పెద్ద బాధ, ఎందుకంటే తాకిన ప్రతిసారీ ఊగుతుంది.

అద్దం. తెర మీద అద్దం ఉంటుంది కాబట్టి కిటికీ పక్కన కూర్చుంటే మన ముఖం మనకే కనిపిస్తుంది, వేలిముద్రలు సరేసరి. ఒకసారి బస్సులో పై అర నుంచి ఎవరిదో సూట్‌కేసు నా బ్యాగు మీద పడి అద్దం పగిలింది. సర్వీసు సెంటర్‌కి వెళ్తే, అద్దం, టచ్, డిస్‌ప్లే మూడూ కలిపి ఒకే పలక సార్, మొత్తం మార్చాల్సిందే అన్నారు. చెప్పిన ధర మెషీన్ ధరలో మూడో వంతు దాటింది. మామూలు ల్యాప్‌టాప్‌లో చాలావాటికి డిస్‌ప్లే ఒక్కటే మారుస్తారు.

ర్యామ్, పెన్ను. సన్నగా ఉండాలని చాలా కన్వర్టిబుల్స్‌లో ర్యామ్ బోర్డుకే అతికించేస్తారు. నాలుగేళ్ళ డిగ్రీ మధ్యలో పెంచుకుందామంటే కుదరదు. పెన్ను అన్ని మోడళ్ళకూ పెట్టెలో రాదు, అందుకే ఆ ముక్క ముందే అడగాలి. టచ్ ఉన్నంత మాత్రాన అది పెన్నుకి పనికొస్తుందని కూడా లేదు. రబ్బరు మొన ఉన్న చవక పెన్ను, వేలు లాంటిదే. వాకమ్ లాంటి టెక్నాలజీ ఉన్న పెన్ను వేరే.

ఇక సాఫ్ట్‌వేర్. విండోస్ 11 లో ట్యాబ్లెట్ మోడ్ అని విడిగా స్విచ్ కూడా లేదు, తిప్పితే అదే కొంచెం సర్దుకుంటుంది. యాప్‌లు చాలావరకు మౌస్ కోసమే ఉన్నాయి. అన్నదమ్ముల గొడవ పూర్తిగా తీరలేదు.

మరి కొనాలా?

ఇప్పుడు గ్రిడ్‌ప్యాడ్‌ని గుర్తు తెచ్చుకోండి. 1989 లో దాన్ని కొన్నవాళ్ళకి ఒకే కారణం, చేత్తో రాయాలి. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు కంపెనీలు ఈ మెషీన్‌ని ఏవేవో కారణాలు చెప్పి అమ్మజూశాయి. అందరి కంప్యూటర్ ఇదే అన్నారు. ఐప్యాడ్‌కి జవాబు ఇదే అన్నారు. సినిమాలకి టెంట్, ఆటలకి టచ్ అన్నారు. ఆ కారణాలన్నీ ఒక్కొక్కటే రాలిపోయాయి. సినిమాకి ఫోన్ చాలు, ఆటలకీ ఫోన్ చాలు. గొరిల్లా చేయి వల్ల కూర్చుని టైప్ చేసేటప్పుడు ఎవరూ పెద్దగా తెర తాకరు. తిరిగి తిరిగి నిలబడ్డ కారణం మొదటిదే. చేత్తో రాయడం.

కాబట్టి షోరూమ్‌లో మిమ్మల్ని మీరు అడగాల్సిన ప్రశ్న, ఇది ఎన్ని రకాలుగా తిరుగుతుంది అని కాదు. నేను రోజూ ఏం రాస్తాను, ఏం గీస్తాను అని. లెక్కలు, డ్రాయింగు, ఆర్కిటెక్చర్, మెడిసిన్ డయాగ్రాములు, ట్యూషన్ చెప్పడం, ఇలాంటివి మీ రోజులో ఉంటే ఆ అదనపు డబ్బుకి అర్థం ఉంది. అప్పుడు మంచి పెన్ను, కాగితానికి దగ్గరగా ఉండే 3:2 లేదా 16:10 తెర చూసుకోండి, స్క్రీన్ డ్యామేజ్‌కి ఇన్సూరెన్స్ తీసుకోండి. మీ రోజంతా కోడింగు, టైపింగు, వీడియోలే అయితే అదే డబ్బు ర్యామ్ మీద, ప్రాసెసర్ మీద పెట్టండి. నాన్నగారి చేతిలోంచి పోయే డబ్బు అది. మడత చూడటానికి బాగుంటుంది, కానీ మడతకి ఈఎమ్ఐ కట్టేది ఆయన.

అవ్వా, బువ్వా రెండూ దొరకవన్న సామెత ఈ యాభై ఏళ్ళలో పూర్తిగా అబద్ధం కాలేదు, పూర్తిగా నిజమూ కాలేదు. రెండూ దొరుకుతాయి, కానీ రెండూ కొంచెం కొంచెమే దొరుకుతాయి. ఆ కొంచెం మీ పనికి సరిపోతుందా లేదా అన్నదే లెక్క.

ఈ సీజన్‌లో ల్యాప్‌టాప్ కొనబోయే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ళకి ఇది పంపండి, డబ్బు కట్టకముందే. వచ్చే ఎపిసోడ్‌లో మరో కథతో కలుద్దాం. అంతవరకూ సెలవు, నమస్తే.